రేటు చోట ధర

పలకల ఊళ్ళో కాగితం అమ్ముకు బతుకుతాం మేము.
మార్కాపురమంతా బూడిదరంగు రాతిపొడి లేస్తుంటే
మా వాకిట్లో మాత్రం
నల్లటి సిరా, కిరసనాయిలు వాసన.
ముందుగది ప్రెస్సు, వెనకగది కాపురం,
మధ్యన ఒక గోనెపట్టా తెర.
కూర అడుగంటిన సంగతి
ప్రూఫు దిద్దుతుండగానే తెలిసిపోద్ది నాకు.

ట్రెడిల్ మీద కాలు వేస్తే
ఉయ్యాల్లో చిన్నోడు నిద్రపోయేవాడు.
చప్పుడాగిందా, లేచి కూర్చునేవాడు.
ఆర్డర్లు లేని ఎండాకాలం మధ్యాహ్నాలు
కాగితం పెట్టకుండా, సిరా పుయ్యకుండా
ఉత్త మిషన్ని తొక్కేదాన్ని గంటసేపు.
"ఏం అచ్చేస్తున్నావే కాశింబీ?"
గోడవతల నుంచి సుబ్బరత్తమ్మ.
"నిద్ర" అనేదాన్ని.

మా అత్త పీరమ్మకి చదువు రాదు.
అచ్చయిన శుభలేఖ చేతికిస్తే
తిప్పి చూసి, బొమ్మేదీ అంటది.
కానీ ఫర్మా విప్పి గ్యాలీలో ముందు పెడితే
వేలి కొసతో తడిమి
ఏ గూటి అక్షరాన్ని ఆ గూట్లో పడేస్తది,
కావత్తూ, తావత్తూ, యావత్తూ,
బియ్యంలో రాళ్ళేరినంత నిమ్మళంగా.
"తిన్నగా ఉన్నయ్యి నాకు తెలవ్వు.
ఎదురు తిరిగినోళ్ళయితే మొహం గుర్తుపడతా."
ఈ మాటకి ఆమె కొడుకు నవ్వడు.
నేను నవ్వుతా.

ఆయన, దస్తగిరి, బాకీల మనిషి.
మోపెడ్ వెనక బిల్లుబుక్కులు కట్టుకుని
తర్లుపాడు, కొనకనమిట్ల, కంభం దాకా పోతాడు.
పుస్తకాలు తీసుకుంటారు, డబ్బులు ఆదివారం అంటారు.
ఆ ఆదివారాలన్నీ కూడబెట్టి ఉంటే
ఇంకో మిషను కొనేవాళ్ళం.
ఒక కిరాణాకొట్టాయన పైకానికి బదులు
బస్తా దోసకాయలిచ్చి పంపాడు.
పదకొండు రోజులు తిన్నాం మా రసీదు పుస్తకాల్ని.

బళ్ళు తెరిచిన వారం.
పలకల ఫ్యాక్టరీ వాళ్ళ బిల్లుబుక్కులు, యాభై,
నంబర్లు వేసి, చిల్లుగీత కొట్టి, పొద్దున్నే ఇవ్వాలి.
సరుకు, సైజు, డజన్లు,
తర్వాత చెయ్యి ఆగిపోయింది.
'రే' గూడు ఖాళీ.
ఉన్నవే మూడు, రెండిటికి తల అరిగిపోయి మూల పడేశాం,
మంచిదొక్కటే, అదీ లేదు.
మిషను కింద ఊడ్చాం, కత్తిరింపుల బస్తా గుమ్మరించాం.
అత్త నా మీద, నేను ఆయన మీద,
ఆయన ఎలకల మీద.

మాపటేళ దొరికింది
రేహానా బలపాల డబ్బాలో.
సీసం, నోట్లో పెట్టుకుందేమోనని
ముందు దవడలు పట్టి నోరు తెరిచి చూశా,
చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దా,
వీపు మీద ఒకటి వేద్దామని చెయ్యెత్తా.
"అది నాదే. నా పేరు దాంట్లోంచే మొదలవుద్ది"
అని పలక చూపించింది.
తడిసుద్దలో ముంచి ముంచి గుద్దింది.
అటూ ఇటూ పలక నిండా
రే రే రే రే,
కొన్ని పక్కకి ఒరిగి, కొన్ని సగమే పడి.
పెద్దోళ్ళు రాస్తారు. ఇది అచ్చేసింది.

గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టా.
నీదే, కానీ పెద్దయినాక, అన్నా.
రాత్రి అందరూ పడుకున్నాక
రేటు ఉండాల్సిన చోట 'ధర' పేర్చి
ఖాళీకి క్వాడ్లు వేసి బిగించా.
పొద్దున ఫ్యాక్టరీ గుమస్తా వేలు పెట్టి,
"ఇదేందమ్మా, ధర?"
"తెలుగు సార్."
ఆయన కాసేపు దానివంకే చూసి
ఆదివారం డబ్బులు పంపిస్తా అన్నాడు.

మరుసటేడు కబురొచ్చింది,
ధరే ఉంచమని, అదే బాగుందని.
ఆ కబురుతో డబ్బులు రాలేదు.

చిన్నోడికిప్పుడు తొమ్మిదో ఏడు.
మిషను మోగితే ఎక్కాలు రావట.
గోనెపట్టా అవతల నుంచి
అమ్మా, ఆపుతావా లేదా, అని కేకేస్తాడు.
ఈ ఒక్క ఫారం, నాయనా,
అంటానే గానీ
కాలు దించను.